పుట్టిన వారం

మొన్న బోధన్ నుంచి, ఒకప్పుడు నాతో పనిచేసిన హమీదా ఆపా నా ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. చూడగానే ఎవరిదో పెళ్లి పత్రిక అనుకున్నాను. చుట్టూ పూల అంచు, మధ్యలో పెద్ద ఫొటో, కింద లావుపాటి అక్షరాలు. వేళ్లతో పెద్దది చేసి చూస్తే, తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ కళ్లజోడు పైనుంచి నన్నే చూస్తోంది. అజోవా మేడమ్. దోహాలో నేను ఆయాగా పనిచేసిన బడికి హెడ్ మేడమ్. ఆమెది ఘనా దేశం. వాళ్ల దగ్గర మనిషి పోతే ఇట్లా పోస్టర్ అచ్చేసి అందరికీ పంపుతారట. కింద వయసు డెబ్బై ఒకటి అని ఉంది. ఆమె పోయిందన్న సంగతి మనసుకు ఎక్కకముందే నా కళ్లు ఆ అంకె మీద పడ్డాయి. పడి ఏమనుకున్నానో దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తాను. ఇది నిజం వయసేనా, కాగితం వయసా అనుకున్నాను. పోయిన మనిషి మీద కూడా అనుమానమే. ఛీ, నా బుద్ధి పాడుగాను అనుకుని ఫోన్ బోర్లా పెట్టాను.

పోస్టర్ వెనకాలే నాలుగు పేజీల జీవిత చరిత్ర కూడా వచ్చింది. దాన్ని చర్చిలో అందరి ముందూ చదువుతారట. ఇప్పుడు నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పూటంతా కూర్చుని చదివాను. కోకో గింజలు ఎండబెట్టుకునే పల్లెలో పుట్టిందట. తండ్రి మగపిల్లలను మాత్రమే చదివిస్తానంటే, సంతలో ఉల్లిగడ్డలు అమ్ముకునే మేనత్త ఈమెను తన ఇంటికి తీసుకుపోయి చదివించింది. టీచర్ ట్రైనింగ్ అయ్యాక మొదటి ఉద్యోగం చర్చి వరండాలో నడిచే బడిలో. సంత రోజు ఆడపిల్లలు బడి మానేసి తల్లుల పక్కన కూర్చుని టమాటాలు అమ్ముతుంటే, ఈమె సంతకే పోయి గంపల మధ్య నిలబడి పాఠం చెప్పేదట. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ అయింది, ఆ తర్వాత మోటార్ సైకిల్ మీద ఊరూరా తిరిగి బళ్లు తనిఖీ చేసే అధికారి అయింది. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, డ్యూటీ ఎగ్గొట్టిన మాస్టర్లు వెనక కిటికీలోంచి దూకి క్లాసులోకి వచ్చేవారని రాశారు. అన్నీ వివరంగా ఉన్నాయి. దోహా సంగతి మాత్రం ఒక్క వాక్యం. కొన్నేళ్లు ఖతార్‌లో పనిచేశారు అని. అంత పెద్ద ఉద్యోగ జీవితంలో ఆ వాక్యం అంత పొట్టిగా ఎందుకుందో రాసినవాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది జగిత్యాల పక్కన పల్లె. పెళ్లయిన నెలకే మా ఆయన రాజేశం ఖతార్ పోయాడు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా మా అత్త మాత్రం "మావాడు దుబాయ్ పోయిండు" అనే చెప్పుకునేది. పెళ్లయిన నాలుగేళ్లలో మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది లెక్కేస్తే రెండు నెలల చిల్లర. ఆయన ఫోన్లో గొంతుకు అలవాటుపడి, మనిషి సెలవు మీద వస్తే ఎవరో పరాయివాడు ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది. భార్యను పిలిపించుకునేంత హోదా ఉద్యోగం కాదు ఆయనది. నేనే ఏదో పని మీద అక్కడికి పోవాలి. జగిత్యాల ఏజెంటు దగ్గరికి పోతే, "పది పాసైనవా చెల్లె?" అని అడిగాడు. లెక్కల్లో పోయింది నాకు. పది పాస్ కాని ఆడది ముప్పై నిండందే గల్ఫ్ పనికి పోవడానికి లేదని అప్పుడు తెలిసింది. నాకేమో ఇరవై నాలుగు. "గదేమన్న పెద్ద ముచ్చటనా, ముప్పై ఒకటి చేస్త" అన్నాడు, గాజుల కొలత ఒక సైజు పెంచినంత తేలిగ్గా.

ఏడేళ్లు ఒక్క పూటలో పెరిగిపోయాను. జడ మానేసి ముడి వేసుకోమన్నాడు, ముదురు రంగు చీరలు కట్టుకోమన్నాడు, ఇద్దరు పిల్లలున్నారని చెప్పమన్నాడు, ఊరికే నవ్వొద్దన్నాడు. ఎయిర్‌పోర్టులో గట్టెక్కాను గానీ ఆ రోజు నుంచి ఎవరు నా మొహంలోకి రెండు క్షణాలు ఎక్కువ చూసినా వయసు లెక్కపెడుతున్నారనే అనిపించేది. దొరికితే ఆ సాయంత్రమే విమానం ఎక్కిస్తారు, మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. ఉద్యోగం పోతే పోనీ. మొగుడు ఉన్న దేశంలో ఉండటం కోసం నేను ఇంత వేషం వేశాను. అది పోతుంది. రాత్రీ పగలూ నా భయం అదొక్కటే.

బడివాళ్లు మాకు ఇచ్చిన విల్లా అబూ హమూర్‌లో, హోల్‌సేల్ మార్కెట్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండేది. గదికి ఎనిమిది మంది ఆడవాళ్లం, ఒకరి మీద ఒకరికి మంచాలు. తలుపు తీయగానే కొబ్బరినూనె, ఎండుచేపలు, తలనొప్పి బాము, హమీదా ఆపా బగారన్నం, అన్నీ కలిసిన వాసన కొట్టేది. ఆపా మా అందరికంటే సీనియర్, బడిలో చాయ్ డ్యూటీ కూడా ఆమెదే. అంగట్లో నిలబడి టమాటా నొక్కి చూసినట్టు మనుషులను చూసేది, ఒకసారి చూసి తేల్చేసేది. నేను దిగిన రోజే నా బుగ్గ పట్టుకుని "ముప్పై ఒకటా నీకు? హౌ, నాకు పదహారు" అని నవ్వింది. నవ్విందే గానీ మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తెల్లవారుజామున బస్సెక్కితే పిల్లలందరినీ ఎక్కించుకునేసరికి గంటన్నర. అప్పుడు వరల్డ్ కప్ కోసమని ఊరంతా తవ్వుతున్నారు. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు, ఎక్కడ చూసినా డైవర్షన్ బోర్డు, ఎర్ర డబ్బాలు, దుమ్ము. నిద్రపోతున్న పిల్లల తలలు నా ఒళ్లో అటొకటి ఇటొకటి. డ్రైవర్ "యల్లా, యల్లా" అంటూ ముందు లారీల మీద విసుక్కునేవాడు.

శుక్రవారం మాత్రం నాది. రాజేశం బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్ నుంచి రెండు బండ్లు మారి వచ్చేవాడు. స్టేడియం సైటులో స్కఫోల్డింగ్ పని ఆయనది. వారమంతా ఎండలో ఇనుప పైపులు మోసి మోసి అరచేతులు చెప్పుల తోలులా ఉండేవి. మార్కెట్ వెనక నీడలో కూర్చుని నేను తెచ్చిన డబ్బా తినేవాళ్లం. మూడు గంటలు, మహా అయితే నాలుగు. ఊర్లో అత్త ఏమంది, సైటులో ఎవరు కిందపడ్డారు, ఇవే మాటలు. అయినా ఆ మూడు గంటల కోసమే ఆరు రోజులూ నేను ముప్పై ఒక్కేళ్ల మనిషిగా బతికేదాన్ని.

అట్లాంటి రోజుల్లో వచ్చింది అజోవా మేడమ్. నిజం చెప్పాలంటే ఆమె బడిలో అడుగుపెట్టిన రోజే మాకు నచ్చలేదు. ఆఫ్రికా మనిషి మన పిల్లలకు హెడ్ ఏంటని తల్లిదండ్రులు గొణిగారు, మేమూ గొణిగాం. మేమేదో తెల్లగా ఉన్నట్టు! పైగా ఆమె పద్ధతులన్నీ వింతగా ఉండేవి. పొద్దున్నే గేటు దగ్గర అందరం వరుసగా నిలబడితే కుడి చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపేది. కుడి చివర ఊడ్చే మనిషి ఉంటే ముందు ఆమెకే. ఎడమ చివర అడ్మిన్ సారు నిలబడ్డా సరే, వరుస దాటి పోయేది కాదు. మన దేశపాయనే అడ్మిన్ సారు. వీసాలు, ఫైళ్లు, బస్సులు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. రోజూ చివర్లో చెయ్యి అందుకునేసరికి ఆయన మొహం ఎర్రబడేది. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆమె తిట్టేది కాదు గానీ, గడియారం వైపు చూసి మన వైపు చూసేది. తిట్టినా బాగుండు అనిపించేది.

అన్నిటికంటే వింత ఇంకొకటి. ఏ పిల్ల కనబడినా ఆపి, నెత్తి మీద చెయ్యి పెట్టి, "నువ్వు ఏ వారం పుట్టావు?" అని అడిగేది. తెలియదంటే మర్నాడు ఇంట్లో అడిగి రమ్మనేది. చెప్పగానే నీలం అట్ట నోటుబుక్కులో రాసుకునేది. పది రోజులు తిరిగేసరికి మా బస్సులో పిల్లలు ఒకర్నొకరు ఏవేవో పేర్లతో పిలుచుకోవడం మొదలుపెట్టారు. కరీంనగర్ వాళ్ల ఐదేళ్ల బాబు ఒకడు, నేను పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. "నా పేరు క్వాకూ" అని మూతి ముడుచుకు కూర్చున్నాడు. ఎందుకట్లా పిలుస్తున్నారో క్లాసులో పిల్లలకు చెప్పిందేమో. ఆయాలకు ఎవరు చెబుతారు?

"స్వరూపా, ఈ మేడమ్ కథ వేరే ఉంది బిడ్డా" అంది ఆపా, చాయ్ గిన్నె తోముతూ. "పుట్టిన వారం ఎందుకంట ఆమెకు? మా ముసలి నానీ అయితే తల్లి పేరు, పుట్టిన రోజు పరాయోళ్లకు అస్సలు చెప్పొద్దనేది. ఏమన్న చేస్తరని."

"పేర్లు మారుస్తున్నదంట ఆపా. మెల్లగ మతం మారుస్తదేమో."

"అల్లాకే ఎరుక. నువ్వైతే నోరు మూస్కొని ఉండు."

నోరు మూసుకుని ఉండే అదృష్టం నాకు ఎక్కడిది? రెండు రోజులకే గేటు దగ్గర నా వంతు వచ్చింది. మేడమ్ ఇంగ్లీషులోనే మాట్లాడేది, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి. ఇక్కడ రాస్తున్నది నాకు అర్థమైన తెలుగు. "స్వరూపా, నువ్వు ఏ వారం పుట్టావు?" అంది. మా అమ్మ ఎప్పుడూ చెప్పే వారం నోటిదాకా వచ్చి ఆగింది. ఇది మామూలు ప్రశ్న కాదు, ఎందుకో అడుగుతోంది అనిపించి, నోటికొచ్చింది చెప్పాను. శుక్రవారం అన్నాను. నాకు తెలిసిన మంచి రోజు అదొక్కటే కదా. ఆమె రాసుకుంది. మర్నాడు మళ్లీ ఆపింది. ఈసారి నవ్వుతోంది. "నీ ఫైల్లో తేదీ చూశాను. దాని ప్రకారం నువ్వు మంగళవారం పుట్టావు. మరి నిన్ను ఏ పేరుతో పిలవాలి, శుక్రవారం పేరుతోనా, మంగళవారం పేరుతోనా?"

రెండు పేర్లు అంటోంది. ఇద్దరు మనుషులు అంటోంది. దొరికిపోయాను అనుకున్నాను. నా వయసు దొంగతనం ఈమెకు తెలిసిపోయింది, ఎలుకను పిల్లి ఆడించినట్టు ఆడిస్తోంది అనుకున్నాను. వారాన్ని బట్టి మనిషిని పిలిచే దేశం ఒకటి ఉంటుందని నాకేం తెలుసు? మా దగ్గర పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చేటప్పుడు పంతులు తోచింది రాసుకునేది, ఏజెంటు అవసరాన్ని బట్టి దిద్దుకునేది. నిజం వారం తల్లికి మాత్రమే తెలిసే సంగతి. ఒక మనిషి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిందంటే అది పోలీసు పని కాక ఇంకేమవుతుంది?

ఆ శుక్రవారం డబ్బా మూత కూడా తీయకుండా రాజేశానికి అంతా చెప్పాను.

"శుక్రవారం అని ఎవలు చెప్పమన్నరే నిన్ను?" అని గయ్‌మన్నాడు. "ఎరుక లేదు మేడమ్ అంటే అయిపోవు గద!"

"నోటికొచ్చింది. ఏం చెయ్యాలె నేను? నిలబడి నవ్వుతున్నది ఆమె."

"పంపిస్తరంటవా?"

"ఏమో. సాయంత్రం క్లాసు పెడ్తదంట. పది పాస్ కానోళ్లు పేర్లు ఇయ్యాలంట. సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ కాయితాలు తెమ్మన్నది. గది మనల పట్టుకునుడుకే."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అందరూ తిరిగే చోట ఆయన ఎప్పుడూ అట్లా పట్టుకోడు. "మల్ల ఫోన్లనే బతుకుడైతదేమో" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే మేడమ్ మీద పగ పుట్టింది. నాలుగేళ్లు ఎదురుచూసి సంపాదించుకున్నదాన్ని ఎక్కడినుంచో వచ్చిన మనిషి ఒక్క నోటుబుక్కుతో లాగేసుకుంటుందా అని కసి.

అడ్మిన్ సారు నన్ను పిలిపించింది ఆ తర్వాతి వారమే. అప్పటికి ఆయాల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఊరు పెరుగుతోంది, పిల్లలు పెరుగుతున్నారు, అందుకని యాజమాన్యం ఇంకొక పెద్ద బడి కడుతోంది. రెండు బళ్లకూ కలిపి ప్రిన్సిపాల్‌గా అజోవా మేడమ్‌ను వేయబోతున్నారు. అది సారుకు మింగుడుపడటం లేదు. తలుపు వేసి, కుర్చీ చూపించి, హిందీలో మెత్తగా మొదలుపెట్టాడు. ఆ ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను కూర్చోమన్నది అదే మొదటిసారి.

"మేడమ్ ఆయాల ఫైళ్లన్నీ తెప్పించుకుని చూస్తోంది, తెలుసా?" అన్నాడు. "ఎవరి కాగితాల్లో ఏం తప్పుందో వెతుకుతోంది. ఆమె ఉంటే మీలో ఎంతమంది మిగులుతారో నేను చెప్పలేను." ఆ తర్వాత ఒక టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. పిల్లలకు కొత్త పేర్లు పెడుతోంది, నెత్తి మీద చెయ్యి పెడుతోంది అని ఉందట అందులో. "చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది కదా? నువ్వు చూశావు కదా?"

చెయ్యి పెట్టడం నేను చూశాను. ప్రార్థన చూడలేదు, వినలేదు. అది ఎంత పెద్ద నేరమో ఆ దేశంలో ఉన్నవాళ్లకు తెలుసు. పరాయి పిల్లల మీద మతం ప్రయోగించిందన్న మాట ఒక్కటి కాగితం మీదికెక్కితే ఏ బడీ ఆ మనిషిని ఉంచుకోదు. నాకూ తెలుసు. తెలిసే, "హా సార్, పెదాలు కదుపుతది" అన్నాను. ఆయన అడగని మాట అది, పెదాల సంగతి. నా అంతట నేను కల్పించాను.

"అందరూ సంతకం పెట్టారు, నీదొక్కటే మిగిలింది" అని, కాగితం కింది సగం మీద అరచెయ్యి ఆనించి, చోటు చూపించి పెన్ను ఇచ్చాడు. పెట్టాను. పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా పెట్టాను.

పదిహేను రోజులకు యాజమాన్యం మీటింగ్ జరిగింది. మేడమ్ ఏడాది చివర వెళ్లిపోతోందనీ, కొత్త బడికి వేరే ఎవరో వస్తున్నారనీ తెలిసింది. గొడవ లేదు, కేకలు లేవు. గేటు దగ్గర కుడి చివర నుంచి చెయ్యి కలపడం మాత్రం ఆమె మానలేదు. నా దగ్గరికి వచ్చేసరికి నేను బస్సు లెక్క చూసుకుంటున్నట్టు తల వంచుకునేదాన్ని. అయినా నా చెయ్యి అందుకుని కదిపి మరీ పోయేది.

ఒక మధ్యాహ్నం బస్సులు తిరిగి వచ్చాక తన గదికి రమ్మని కబురు పెట్టింది. ఇక అయిపోయింది అనుకుని, పోతూ పోతూ రాజేశానికి మెసేజ్ కూడా పెట్టాను. గదిలోకి పోగానే గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. తాగేదాకా మాట్లాడలేదు. ఆ నీళ్ల మీద కూడా నాకు అనుమానమే, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాను. "మా ఊళ్లో వచ్చినవాళ్లకు నీళ్లు ఇవ్వకుండా సంగతి అడగం" అంది. మా ఊళ్లోనూ అంతే అని అనలేకపోయాను.

నీలం అట్ట నోటుబుక్కు నా ముందు తెరిచి పెట్టింది. వారాల వరుసన పిల్లల పేర్లు. ఒక్కో పేరు పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. ఈ పిల్ల బొమ్మలు బాగా వేస్తుంది, ఈ బాబుకు బస్సులో భయం, ఇట్లాంటివి అని ఆమే చదివి చెప్పింది. "మా దగ్గర బిడ్డ పుట్టిన వారమే బిడ్డ మొదటి పేరు" అంది. "నేను సోమవారం పుట్టాను కాబట్టి అజోవా. ఐదు వందల మంది పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన పద్ధతి ఇదొక్కటే." ఆ తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నీకు ముప్పై ఒకటి లేవని వచ్చిన వారంలోనే తెలుసు. నేను జీవితమంతా ఆడపిల్లల మొహాలు చూసినదాన్ని. మా పల్లెల్లోనూ బడి పంతులు తోచిన తేదీ రాస్తాడు. నేను అడిగింది నిన్ను పట్టుకోవడానికి కాదు. ప్రైవేటుగా పదో తరగతి రాయాలంటే నీ నిజం తేదీ తెలియాలి, ఆ తప్పు ఎట్లా సరిచేయించాలో కనుక్కోవాలి. అందుకు."

ఏదో ఒకటి అనాలి. "అందరూ సంతకం పెట్టారు మేడమ్, అందుకే నేనూ పెట్టాను" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "నాకు కోపంగా ఉంది, స్వరూపా" అంది. గొంతు పెంచలేదు. "ఆ కొత్త బడి నాకు కావాలి. చాలా కావాలనుకున్నాను. కోపం లేదని అబద్ధం చెప్పను." ఆ తర్వాత సొరుగులోంచి ఒక పరీక్ష ఫారం తీసింది. "కానీ దీనికి చివరి తేదీ ఆదివారం. చెప్పు, నువ్వు ఏ వారం పుట్టావు?"

ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేసేది ఇక్కడే. అంత చెప్పిన మనిషి ముందు కూడా నాకు నమ్మకం కుదరలేదు. ఇదంతా నాతో నిజం ఒప్పించడానికి వేసిన ఎత్తేమో, గోడ అవతల సారు వింటున్నాడేమో అనిపించింది. "మంగళవారం మేడమ్" అన్నాను. ఫైల్లో ఉన్న వారమే. ఆమె ఫారంలో పాస్‌పోర్టు తేదీనే రాసి, సంతకం పెట్టి, నాకు ఇచ్చింది. నేను పుట్టింది గురువారం. మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియని మాట, కాగితం మీద రాయడం ఇదే మొదలు.

ఆ ఫారంతోనే పది రాశాను. లెక్కలు ఆమె చెప్పిన సాయంత్రాల వల్లే గట్టెక్కాయి. వెళ్లిపోయే ముందు రెండు నెలలూ, కోపంగానే, భిన్నాలు తప్పు చేసినప్పుడల్లా బల్ల మీద స్కేలుతో కొడుతూ చెప్పింది. ఆ పది మీద ఇంటర్, దాని మీద డిగ్రీ చేశాను. ఇవాళ నాలుగు మాటలు రాసి పత్రికకు పంపే ధైర్యం కూడా దాని మీదదే. మరో మూడేళ్లు దోహాలో ఉన్నాం. నన్ను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ వెతకలేదు. మేడమ్ వెళ్లిపోయాక ఫైళ్లు తీసి చూసినవాళ్లే లేరు. నేను ఆ రోజు ఆమె నోరు మూయించి కాపాడుకున్నానని అనుకున్న శుక్రవారాలు, ఆమె ఉన్నా నాకు ఉండేవే. ఇప్పుడు జగిత్యాలలో రాజేశం, నేను రోజూ ఒకే పళ్లెం దగ్గర కూర్చుంటాం, కూర బాగాలేదని పోట్లాడుకుంటాం. నా అసలు వయసు నలభై కూడా నిండలేదు, ఆధార్ కార్డు ప్రకారం అప్పుడే ముసలితనం మొదలైంది. అప్పుడు ఏడేళ్లు ఎక్కువ చెప్పి భయపడ్డాను, ఇప్పుడు బ్యాంకులో అమ్మాయి "మీరు ఇంత చిన్నగా కనిపిస్తున్నారేంటి మేడమ్" అంటే నవ్వి ఊరుకుంటాను. నవ్వుతున్నానే గానీ, ఎందుకడిగిందో అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తాను.

ఇన్నేళ్లూ నాకు ఒక్క ఊరట ఉండేది. ఆ కాగితం మీద నాదొక్కటే కాదు, ఆయాలందరివీ సంతకాలు ఉన్నాయి. నేను పెట్టకపోయినా ఆమె వెళ్లిపోయేదే. ఆ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నాలుగు పేజీలూ చదవడం అయ్యాక ఆపాకు ఫోన్ చేశాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. మేడమ్ కూతురు ఏటా ఆపాకు పండగ మెసేజ్ పెట్టేదట, పోస్టర్ పంపింది కూడా ఆమేనట.

"మనమందరం పాపం చేసినం ఆపా" అన్నాను. "అందరం కల్సి సంతకాలు పెట్టి ఆమెను ఎల్లగొట్టినం."

ఆపా, "నేను పెట్టలేదు స్వరూపా" అంది.

"సారు అందరు పెట్టిన్రు అన్నడు గద."

"నన్ను అడిగిండు. నక్కో సాబ్ అన్న. చాయ్ కాడ వంద మాట్లాడుకుంటం బిడ్డా, కాయితం మీద ఎట్ల పెడ్తం? వేరేటోళ్లు కూడ పెట్టలే."

ఆపా ఇప్పుడు తప్పించుకోవడానికి చెబుతోంది అనుకున్నాను. ముసలితనంలో దేవుడికి భయపడి అబద్ధం ఆడుతోంది అనుకున్నాను. "నీకెట్ల తెలుసు ఎవరు పెట్టలేదని?" అని గట్టిగానే అడిగాను.

"మీటింగ్‌ల చాయ్ ఇచ్చింది నేనే కద. కాయితం టేబుల్ మీద మేడమ్ ముందరనే ఉండె. నాకు ఇంగ్లీష్ రాదు గాని, రోజు హాజిరీ రిజిస్టర్‌ల నీ సంతకం చూస్త కద, గుర్తుపట్టనా? కింద అంత జాగ ఖాళీ. ఒక్కటే సంతకం. మేడమ్ దాని మీద వేలు పెట్టుకోని చూస్కుంట కూసుంది."

"అప్పుడే నాకెందుకు చెప్పలే ఆపా?"

"చెప్తే నువ్వు పది రాసేటిదానివా?"

రాజేశం వంటింట్లోంచి ఎవరని అడుగుతున్నాడు. ఆ రోజు ఆమె గదిలో, అందరూ పెట్టారు కాబట్టి నేనూ పెట్టానని ఆమె మొహం మీదే అన్నాను. ఆమె కాదనలేదు. ఫారం తీసింది.